కొబ్బరిపాలు లేని థాయ్ భోజనం: చియాంగ్ మాయ్‌లో ఒక లాన్నా భోజనశాల

థాయ్ భోజనం అనగానే చాలామందికి తట్టేవి పుల్లటి టామ్ యమ్ సూపు, పాడ్ థాయ్ నూడుల్స్, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుపచ్చ కూర. వీటిలో ఏ ఒక్కటీ ఉత్తర థాయిలాండ్‌ది కాదు. చియాంగ్ మాయ్ పాత నగరానికి ఉత్తరాన, చాంగ్ ఫుయాక్ ద్వారం దాటి సందుల్లోకి కొంత దూరం నడిస్తే వచ్చే ఈ భోజనశాలలో ఆ మూడూ దొరకవు. దొరకవన్న సంగతి మెనూ మొదటి పేజీలోనే మర్యాదగా, అయినా ఎలాంటి సందేహానికీ తావు లేకుండా రాసి పెట్టారు. అది చదివి లేచి వెళ్ళిపోయేవారూ ఉన్నారు. ఒక సాయంత్రం మా పక్క బల్ల దగ్గర కూర్చున్న కుటుంబం, పిల్లలు పాడ్ థాయ్ కోసం మారాం చేయడంతో, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. వాళ్ళను ఆపడానికి ఎవరూ ప్రయత్నించలేదు. లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక ఈ సమీక్షలో భోజనశాల పేరు రాయడం లేదు. ఇక్కడ రాసేది చాలావరకు ఆ ఊళ్ళో ఈ తరహాలో నడిచే చోట్లన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి, మంచిదాన్ని గుర్తుపట్టడానికి పేరు కంటే ఈ వివరాలే ఎక్కువ పనికొస్తాయి.

ఏ దేశంలో థాయ్ రెస్టారెంటుకు వెళ్ళినా మెనూ ఇంచుమించు ఒకేలా ఉండటం కాకతాళీయం కాదు. 2002లో థాయ్ ప్రభుత్వం ‘గ్లోబల్ థాయ్’ పేరుతో, విదేశాల్లో థాయ్ రెస్టారెంట్ల సంఖ్యను పెంచే కార్యక్రమాన్ని చేపట్టింది. వాటి ద్వారా ప్రపంచానికి పరిచయమైన వంటల్లో అత్యధికం బ్యాంకాక్, దాని చుట్టుపక్కల మధ్య మైదానాల వంటలు. పాడ్ థాయ్ విషయానికొస్తే, అది తరతరాల వంటకమే కాదు. అప్పటి ప్రధాని ప్లేక్ ఫిబూన్‌సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం 1930ల చివర, 1940లలో జాతీయభావాన్ని పెంచే ప్రయత్నంలో భాగంగా ప్రచారంలోకి తెచ్చిన వంటకం. ఇలా దేశానికంతటికీ ఒక రుచి స్థిరపడినప్పుడు, ప్రాంతీయ వంట వండేవారికి రెండే దారులు మిగులుతాయి: ఆ రుచికి దగ్గరగా జరగడం, లేదా జరగనని భీష్మించుకోవడం. ఈ భోజనశాల రెండో దారి పట్టింది. దాని బలమంతా అక్కడే ఉంది, కొన్ని చికాకులు కూడా అక్కడి నుంచే వచ్చాయి.

ఉత్తరాది వంట ఎందుకు వేరుగా ఉంటుందో తెలిస్తే ఇక్కడి పళ్ళెం అర్థమవుతుంది. 1296లో మంగ్రాయ్ రాజు చియాంగ్ మాయ్‌ను కట్టించి రాజధాని చేసుకున్న లాన్నా రాజ్యం కొండల నడుమ లోయల్లో విస్తరించింది. సముద్రం ఎంతో దూరం. కొబ్బరి తోటలు దక్షిణాన, తీరం వెంబడి ఉన్నాయి కాబట్టి కూరల్లో కొబ్బరిపాలు అరుదు. తీపి తక్కువ. మధ్య థాయిలాండ్‌లో రొయ్యల ముద్ద, ఫిష్ సాస్ చేసే పనిని ఇక్కడ చాలాచోట్ల సోయా గింజలను పులియబెట్టి, బిళ్ళలుగా తట్టి ఎండబెట్టిన తువా నావ్ చేస్తుంది. వరి మడుల్లోని చిన్న పీతలను దంచి, వాటి రసాన్ని నల్లగా, చిక్కగా మరిగించిన నామ్ పూ చేస్తుంది. అడవి ఆకులు, లేత మొగ్గలు, చేదు కాయలు విరివిగా పడతాయి. ఇక్కడ చేదును లోపంగా చూడరు, కోరి తెచ్చుకుంటారు. టామ్ యమ్ పులుపుకూ, బ్యాంకాక్ కూరల తీపికీ అలవాటుపడిన నాలుకకు మొదటి పది నిమిషాలు దారి తప్పినట్టుగానే ఉంటుంది.

భోజనశాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మూడు వైపులా తెరిచిన పాత చెక్క ఇల్లు, పెంకుటి కప్పు, తిరిగే ఫ్యాన్లు, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్లలు. పర్యాటకుల కోసం నృత్యప్రదర్శనతో కలిపి పెట్టే ఖన్‌తోక్ విందుల ఆర్భాటం ఇక్కడ లేదు. కాళ్ళున్న గుండ్రటి పీట మీద కూరగిన్నెలు అమర్చి నేల మీద కూర్చోబెట్టే ఆ పద్ధతి నిజంగానే లాన్నా ఇళ్ళదైనా, హోటళ్ళలో అది వంటను మించిన వేడుకగా మారింది. మంచి భోజనశాలలను ఎంచి చెప్పే మిషెలిన్ గైడ్ తన 2020 సంచికతో చియాంగ్ మాయ్‌కు వచ్చాక కొన్ని చిన్న దుకాణాల ముందు బారులు పెరిగాయి. ఈ చోటు ఆ జాబితాలో లేదు, బారు కూడా లేదు.

ముందుగా జిగురన్నం. ఉత్తరాదిలో అన్నం అంటే ఇదే. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, గంజి వార్చే పనే లేకుండా ఆవిరి మీద ఉడికించి, చెక్క పళ్ళెంలో పరిచి ఆవిరి పోయేదాకా తిప్పి, అప్పుడు వెదురు బుట్టలో నింపి మూత పెడతారు. ఆ ఆవిరి పోగొట్టే పని బద్ధకించిన చోట బుట్ట అడుగున అన్నం తడిసి ముద్దవుతుంది. మాకు వచ్చిన బుట్టలో గింజకు గింజ కనబడుతోంది, అయినా వేళ్ళతో నొక్కితే ఒక్కటిగా అతుక్కుంటోంది, చేతికి మాత్రం అంటుకోవడం లేదు. చిన్న ముద్ద తుంచుకుని, వేళ్ళ చివరలతో నొక్కి, దాన్నే చెంచాలా కూరలో అద్దుకుని తినాలి. చేత్తో తినడం అలవాటున్నవారికి ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్కటే: కలపకూడదు. కూరలో అన్నం కలిపి పిసికితే జిగురు వదిలి రెండూ పాడవుతాయి. బుట్ట మూత తీసి ఉంచినా అన్నం బిరుసెక్కుతుంది కనుక, ముద్ద తీసుకున్న ప్రతిసారీ మూత వేయాలి. వడ్డించే పెద్దావిడ మా బల్ల పక్కగా వెళ్ళినప్పుడల్లా ఏమీ అనకుండా మా బుట్ట మూత వేసి వెళ్ళింది.

నామ్ ప్రిక్ నుమ్ ఇక్కడ తప్పక అడగాల్సిన వాటిలో ఒకటి. పొడవాటి పచ్చిమిరపకాయలను, వెల్లుల్లిని, చిన్న ఉల్లిపాయలను బొగ్గుల మీద పొట్టు మాడేదాకా కాల్చి, ఆ మాడిన పొట్టు తీసి, రాతి రోట్లో ఉప్పు వేసి దంచుతారు. నూనె లేదు, పోపు లేదు. రోటి పచ్చడి ఎరిగినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. తేడా అంతా కాల్పులోనే ఉంది. యంత్రంలో తిప్పితే మిరపకాయ పేస్టులా నున్నగా అయిపోతుంది, నీరు ఊరుతుంది. ఇక్కడిది నారలు నారలుగా, వేలితో లాగితే సాగేటట్టు ఉంది, గింజలు చెదరలేదు, పొగ వాసన మొదట ముక్కుకు తగిలి, కారం ఆ తరువాత నెమ్మదిగా ఎక్కింది. పళ్ళెంలో దీని చుట్టూ ఉడికించిన గుమ్మడి, పొడుగు బొబ్బర్లు, క్యాబేజీ, పచ్చి దోస ముక్కలు, ఉడికిన గుడ్డు, వేపిన పంది చర్మం పెట్టారు. ఈ పంది చర్మాన్ని ఖేబ్ మూ అంటారు. కరకరలాడే ఆ ముక్కతో పచ్చడిని ఎత్తుకుని తినడమే ఊరి పద్ధతి. టమాటా, పంది ఖీమాతో చేసే ఎర్రటి నామ్ ప్రిక్ ఓంగ్ కూడా ఉంది. కారం తక్కువ, పిల్లలకు నచ్చుతుంది, చెడ్డదేమీ కాదు. కానీ రెండింటిలో ఒకటే అడగాల్సి వస్తే మొదటిదే.

ఇక లాబ్. ఈ భోజనశాలకు ఎందుకు వెళ్ళాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదొక్కటే. బయటి దేశాల్లో లాబ్ పేరుతో దొరికేది సాధారణంగా ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌ది; నిమ్మరసం, ఫిష్ సాస్, ఎండుమిర్చి పొడి, వేయించి దంచిన బియ్యపు పొడి కలిపిన మాంసం. ఉత్తరాది లాబ్‌కు పేరు తప్ప మరో పోలిక లేదు. నిమ్మరసం పిండరు, బియ్యపు పొడి చల్లరు. దీని ప్రాణం ప్రిక్ లాబ్ అనే మసాలా. ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, పిప్పళ్ళు, అనాసపువ్వు, దాల్చినచెక్క, జాపత్రి వంటివి విడివిడిగా వేయించి దంచుతారు. అన్నింటికన్నా పైమాట మఖ్వేన్‌ది. సిచువాన్ మిరియం కుటుంబానికే చెందిన ఈ కాయ ఉత్తరాది కొండల్లోని చెట్లకు కాస్తుంది. నాన్ రాష్ట్రంలోది పేరుపొందింది. కొరికిన వెంటనే నారింజ తొక్క వాసన వస్తుంది, ఆ తరువాత నాలుక చివర సన్నగా చిమచిమలాడి, క్రమంగా పెదవుల దాకా మొద్దుబారుతుంది.

వంటగదికీ హాలుకూ మధ్య అడ్డుగోడ సగమే ఉంది కాబట్టి పని కనిపిస్తుంది. చింత మాను మొద్దు మీద, రెండు చేతుల్లో రెండు కత్తులతో ఒకాయన మాంసాన్ని కొడుతూ ఉంటాడు. మధ్యలో చిన్న గరిటెతో రక్తం పోసి మళ్ళీ కొడతాడు. మాంసం ముద్దగా మారి మొద్దుకు అంటుకునేదాకా ఆపడు. మరలో ఆడించిన ఖీమాలో నీరు వదులుతుంది, వేయిస్తే గింజలు గింజలుగా విడిపోతుంది. కత్తితో కొట్టినది మసాలాను పట్టుకుంటుంది. ఉడికించి సన్నగా తరిగిన పేగు, కాలేయం, చర్మం ముక్కలు తరువాత కలుస్తాయి. దాన్ని బాణలిలో కొద్దిపాటి నీటితో, వేయించిన వెల్లుల్లి నూనెతో పొడిపొడిగా అయ్యేదాకా వేయిస్తే లాబ్ ఖువా. ముదురు గోధుమ రంగులో, చూడటానికి ఏ అందమూ లేని గుప్పెడు కూర వచ్చింది. మొదటి ముద్దలో వేయించిన మసాలా, రెండో ముద్దలో కాలేయపు చేదు, ఆ తరువాత మఖ్వేన్ తిమ్మిరి. దానితో పాటు వచ్చే పచ్చి ఆకుల పళ్ళేన్ని అలంకారమనుకుని పక్కన పెడితే సగం వంట పోయినట్టే. పుదీనా, ఘాటైన ఫక్ ఫాయ్, అంచున రంపపు పళ్ళుండే పొడుగాటి కొత్తిమీర జాతి ఆకు, పచ్చి చేప వాసన వేసే ఫక్ ఖావ్ తోంగ్, వగరు చిగుళ్ళు ఉంటాయి. ఒక ముద్దకు ఒక ఆకు చొప్పున మారుస్తూ తింటే అదే కూర ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. ఫక్ ఖావ్ తోంగ్ మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. పక్క బల్లల వారు దాన్నే ముందు ఖాళీ చేశారు.

ఇదే లాబ్‌ను వేయించకుండా, పచ్చి మాంసంతో, పచ్చి రక్తంతో, ఒక్కోసారి పిత్తంతో తినే ఆచారం కూడా ఇక్కడ బలంగా ఉంది. మెనూలో లేకపోయినా స్థానికులు అడిగి తెప్పించుకుంటున్నారు. సాహసం పేరుతో దాని జోలికి వెళ్ళవద్దు. పచ్చి పంది మాంసం, రక్తం ద్వారా సోకే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే సూక్ష్మజీవి మెదడు పొరల వాపును, కొందరిలో శాశ్వతమైన చెవుడును కలిగిస్తుంది; థాయ్ ఆరోగ్యశాఖ ఏటా హెచ్చరిస్తున్నా ఉత్తరాదిలో ఈ కేసులు ఆగడం లేదు. వేయించిన దానిలో రుచి తక్కువేమీ కాదు.

గేంగ్ హాంగ్ లే ఇక్కడి వంటల్లో తెలుగువారికి వెంటనే నచ్చేది. 1558 నుంచి రెండు శతాబ్దాలకు పైగా లాన్నా బర్మా ఏలుబడిలో ఉంది. ఈ కూరా, దాని పేరూ ఆ దిక్కు నుంచే వచ్చాయి. పంది పొట్టభాగం పెద్ద ముక్కలు, సన్నటి పోగులుగా తరిగిన అల్లం, ఊరవేసిన వెల్లుల్లి రెబ్బలు, చింతపండు, వేరుశనగలు, ధనియాలూ జీలకర్రా పసుపూ కలిసిన హాంగ్ లే పొడి. కొబ్బరిపాలు పడవు. గంటల తరబడి సన్నని మంట మీద ఉడికి, కొవ్వు తేలి, మాంసం చెంచా తాకితే విడిపోవాలి. ఇక్కడ సరిగ్గా అలాగే ఉంది. పులుపు, తీపి, కొవ్వు ఒకదాన్నొకటి మించలేదు. ఊరిన వెల్లుల్లి రెబ్బ పంటికి తగిలినప్పుడల్లా కొవ్వు బరువు తగ్గినట్టు అనిపించింది. కొన్ని చోట్ల తీపి ఎక్కువ వేసి దీన్ని పాకంలా చేస్తున్నారు. ఆ ధోరణి ఇక్కడ లేకపోవడం సంతోషం.

దీనికి అనుబంధంగా గేంగ్ హో గురించి ఒక మాట. ఆలయాల్లో పుణ్యకార్యాల విందులు ముగిశాక మిగిలిన హాంగ్ లేను, ఇతర కూరలను కలిపి, పెసర పిండి సేమియా, పులియబెట్టిన వెదురు మొలకలు, ఆకుకూరలు వేసి వేయించడం ద్వారా పుట్టిన వంట ఇది. ఇప్పుడు మిగులు కోసం ఎవరూ ఆగడం లేదు, రోజూ తాజాగానే చేస్తున్నారు. ఈ భోజనశాలదీ తాజాదే. శుభ్రంగా ఉంది, సేమియా పొడిగా విడివిడిగా ఉంది, కానీ నిన్నటి కూరకు మాత్రమే వచ్చే లోతు అందులో లేదు. దాన్ని వంటవాడి తప్పనలేం.

నూడుల్స్ దగ్గరికి వస్తే నా అభిప్రాయం ఈ ఊరికి వచ్చే చాలామంది అభిప్రాయానికి విరుద్ధంగా ఉండవచ్చు. ఖావ్ సోయ్ పేరు విననివారు చియాంగ్ మాయ్‌కు రారు. యునాన్ నుంచి గుర్రాల, కంచరగాడిదల బిడారులతో వచ్చిన చైనా ముస్లిం వర్తకులతో ముడిపడిన వంట ఇది. అందుకే సంప్రదాయంగా కోడి, గొడ్డు మాంసాలే వేస్తారు. కొబ్బరిపాలు తరువాత వచ్చి చేరాయి, ఇప్పుడు అవి లేని ఖావ్ సోయ్ అరుదైంది. మెత్తటి గుడ్డు నూడుల్స్, పైన కరకరలాడే నూడుల్స్, పక్కన ఊరబెట్టిన ఆవ ఆకు, చిన్న ఉల్లిపాయ, నిమ్మ చెక్క, నూనెలో మాడ్చిన కారం ఇస్తారు. అన్నీ ఉన్నా ఇక్కడి గిన్నె నిరాశపరిచింది. పులుసు పలచన, నూడుల్స్ ముందే ఉడికించి ఉంచినందువల్ల మెత్తబడి తెగిపోతున్నాయి, కోడి కాలు మాత్రం బాగుంది. పర్యాటకులు అడుగుతారు కాబట్టి పెడుతున్న వంటలా ఉంది తప్ప మనసు పెట్టి చేసింది కాదు. ఖావ్ సోయ్ కావాలంటే అదొక్కటే చేసి, పొద్దున తెరిచి మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా మూసేసే దుకాణాలకు వెళ్ళాలి. నైట్ బజార్ దగ్గర బాన్ హావ్ మసీదు ఉన్న వీధిలో అలాంటివి దొరుకుతాయి.

అదే వంటగదిలో చేసే ఖనోమ్ జీన్ నామ్ న్గియావ్ మాత్రం వేరే చెయ్యి చేసిందా అనిపించేంత బాగుంది. పులియబెట్టిన బియ్యపు పిండి సేమియా మీద పంది పక్కటెముకలు, చిన్న పుల్ల టమాటాలు, గడ్డకట్టించిన రక్తపు ముక్కలతో కాచిన ఎర్రటి పులుసు పోస్తారు. అందులో తేలుతున్న ముదురు రంగు పుల్లల్లాంటివి ఎండబెట్టిన బూరుగు పువ్వు కేసరాలు. వాటికంటూ పెద్ద రుచి లేదు. పులుసును పీల్చుకుని, నమిలితే లేత పుట్టగొడుగు కాడలా ఉంటాయి. పులుసుకు అడుగున ఉన్న గాఢత తువా నావ్‌ది. కొబ్బరి లేదు, తీపి లేదు, టమాటా పులుపు మాత్రమే పైకి తేలుతుంది. ఖావ్ సోయ్‌కు పెట్టే 75 బాత్‌ల కన్నా దీనికి పెట్టే 70 బాత్‌లు ఎంతో సార్థకం.

సాయ్ ఉవా, అంటే నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, పసుపు, మక్రూత్ నిమ్మ ఆకు కూరి బొగ్గుల మీద కాల్చిన పంది సాసేజ్, ఇక్కడ తయారు కాదు. అడిగితే బజారు నుంచి తెస్తామని దాపరికం లేకుండా చెప్పారు. అలాంటప్పుడు వారొరోట్ బజారుకే వెళ్ళి, కళ్ళెదుట చుట్టలు చుట్టలుగా కాలుతున్నదాన్ని తూకం వేయించుకుని కొనుక్కోవడం మేలు.

మెనూ ఇంగ్లీషులోనూ ఉంది, బొమ్మలతో సహా. అయితే అందులో ఉన్నది ఈ వంటగది చేసేవాటిలో సగమే. మిగతా సగం వంటగది తలుపు పక్కన నల్లబల్ల మీద థాయ్ లిపిలో సుద్దతో రాసి ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుంది. వేసవి ఎండల్లో ఎర్ర చీమల గుడ్లు, అడవి ఆకుకూరలు. తొలకరి పడగానే హెట్ తోప్ అనే గుండ్రటి పుట్టగొడుగులు. ఈ హెట్ తోప్ పైన గట్టి తోలు, లోపల మెత్తటి గుజ్జుతో, కొరికితే పటుక్కున పగులుతాయి. మొదటి వారాల్లో వీటి ధర విపరీతంగా ఉంటుంది. అడవిలో రాలిన ఆకులను తగలబెడితే ఇవి సులువుగా దొరుకుతాయన్న నమ్మకం, ఏటా వేసవిలో ఉత్తరాదిని కమ్మే పొగకు చెప్పే కారణాల్లో ఒకటి. కాబట్టి రుచి చూస్తూ కొంత ఇబ్బంది పడ్డాను. ఫోనులో అనువాద యాప్ ఆ సుద్ద రాతను చదవలేకపోతుంది. చేత్తో చూపించి అడగడమే మార్గం. అడిగినప్పుడు, చిన్న పిల్ల ఒకతె లోపలి నుంచి ఆ పుట్టగొడుగులను దోసిట్లో తెచ్చి చూపించింది. ఈ బల్లను కూడా ఇంగ్లీషులో రాసి పెట్టడం వారికి పెద్ద పని కాదు. విదేశీయులు తినరని ముందే నిర్ణయించుకోవడం వల్లే అది జరగడం లేదని నా అనుమానం.

ఆ నిర్ణయం ఇంకో చోట మరింత ఇబ్బంది పెట్టింది. మేము మొదట అడిగిన లాబ్‌ను చెప్పకుండానే కారం, మఖ్వేన్ తగ్గించి, పిత్తపు చుక్క లేకుండా, కాలేయం తీసేసి తెచ్చారు. పక్క బల్ల మీద అదే పేరుతో ఉన్న కూర రంగు చూసి తేడా తెలిసింది. వాళ్ళకు వేసినట్టే కావాలని నచ్చజెప్పాక రెండోది వచ్చింది, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు, అది వారి మర్యాద. కానీ అడిగిన వంటను అడగకుండా మార్చడం, తన వంటను ఎవరి కోసమూ మార్చనని మొదటి పేజీలో రాసుకున్న చోట జరగకూడని పని. అందుకని ఆర్డరు ఇచ్చేటప్పుడే, ఊరివాళ్ళు తిన్నట్టే కావాలని స్పష్టంగా చెప్పాలి.

శాకాహారులకు ఈ చోటు పనికిరాదు. పనస కాయ కూర గేంగ్ ఖనున్‌లోనూ, ఆకుకూరల గేంగ్ ఖేలోనూ మాంసమో చేపో పడుతుంది. కాల్చిన మిరపకాయల పచ్చడిలో కూడా ఫిష్ సాసో, పులిసిన చేపో కలుస్తుంది. అడిగితే లేకుండా దంచి ఇస్తారు గానీ, అదే రోలు, అదే రోకలి. థాయిలాండ్‌లో పట్టింపుగా శాకాహారం తినేవారు పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరంతో ‘జే’ అని గుర్తుపెట్టిన దుకాణాలను వెతుక్కోవాలి. వాటిలో వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. చియాంగ్ మాయ్‌లో అవి తక్కువేమీ లేవు. పంది మాంసం తినని వారికీ ఇక్కడ మిగిలేది స్వల్పం: అరటి ఆకులో పొట్లం కట్టి బొగ్గుల మీద కాల్చిన చేప ఏప్ ప్లా ఒక్కటే ధైర్యంగా చెప్పగలిగేది. అది మాత్రం చాలా మంచి వంట. పైఆకు నల్లగా మాడి, లోపలి ఆకు ఇంకా పచ్చగా ఉండగా విప్పితే నిమ్మగడ్డి ఆవిరి ముందుగా బయటికి వస్తుంది.

తీపి వంటల్లో చెప్పుకోదగ్గవి లేవు. మామిడిపండు, జిగురన్నం మామిడి కాలం కాని నెలల్లో కూడా పెడుతున్నారు, పండు చప్పగా ఉంది.

ధరలు సబబు. లాబ్ ఖువా 95, నామ్ ప్రిక్ నుమ్ పళ్ళెం 85, హాంగ్ లే 110, జిగురన్నం బుట్ట 15 బాత్‌లు. ఈ మూడు కూరలు, రెండు బుట్టల అన్నంతో ఇద్దరు 320 బాత్‌లకు తృప్తిగా తినవచ్చు. పెద్ద హోటళ్ళలో ధరకు పైన వేసే 10 శాతం సేవా రుసుము, 7 శాతం వ్యాట్ ఇక్కడి బిల్లులో లేవు. కార్డు తీసుకోరు, థాయ్ బ్యాంకు ఖాతా ఉన్నవారు ప్రాంప్ట్‌పే కోడ్ స్కాన్ చేస్తున్నారు, మిగతావారు నగదు ఉంచుకోవాలి. పాత నగరం నుంచి సోంగ్‌తేవ్ అనే ఎర్రటి షేర్ టాక్సీలో వెళ్ళవచ్చు, చాంగ్ ఫుయాక్ ద్వారం దగ్గర దిగితే నడక దూరమే.

వెళ్ళే కాలం గురించి కూడా ఆలోచించాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొగ దట్టంగా ఉండే రోజుల్లో మూడు వైపులా తెరిచిన హాలులో కూర్చుని తినడం ఆరోగ్యానికీ రుచికీ రెండింటికీ చేటు. వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి జనవరి వరకు చలి తగిలే సాయంత్రాల్లో అదే హాలు హాయిగా ఉంటుంది, కొత్తగా కోసిన మఖ్వేన్ కూడా అప్పటికి బజారుకు వస్తుంది. లాబ్ కోసం కొట్టే మాంసం ఆ పూటకు సరిపడేంతే తెస్తారు. ఎనిమిది దాటాక వెళితే అది అయిపోయిందని చెప్పి ఖావ్ సోయ్ తినమంటారు. ఆరున్నరకల్లా చేరుకోండి.